వెనక సీటులో మీ అబ్బా

తంగెళ్ళమూడి, ఏలూరు
ఆదివారం

మా ముస్కాన్ తల్లికి,

అమ్మీ దువాలు, దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ ఆ చలిలో వేళకింత తిని, కంటినిండా నిద్రపోయి, ఆరోగ్యంగా ఉన్నావని నమ్ముతున్నాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. పోస్ట్‌మేన్ గేటు దగ్గర నిలబడి "పంజాబ్ నుంచండీ!" అని వీధంతా వినపడేలా అరిచాడు. మీ అబ్బాకి పైకి చదివి వినిపించాను. అయిపోయాక "ఆ బూట్లు కరిచిన సంగతి మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను.

ముందు ఆ జవాను ట్రైనింగ్ బూట్ల సంగతే చెబుతాను. మడమల మీద బొబ్బలు పగిలాయని రాశావు. వాటిని గిల్లకు. పడుకునే ముందు కొబ్బరినూనె రాసి, పల్చటి గుడ్డ చుట్టి, పైన మేజోళ్ళు వేసుకో. చపాతీలు నోటికి పోవడం లేదన్నావు. ఇక్కడి నుంచి అన్నం పంపలేను కదా, మాగాయ, కందిపొడి డబ్బాల్లో గట్టిగా కట్టి పార్శిల్ చేశాను. మీ రూములో ఉన్న ఆ తమిళమ్మాయికి కూడా పెట్టు. మొదటిసారే ఎక్కువ కలుపుకోవద్దని చెప్పు, మన కారం తనకి తెలియదు.

మీ ఖదీజా ఫుప్పుకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. పక్క వాటాలో కూర్చునే తమ్ముడి ఇంటి వ్యవహారాలన్నీ నడిపిస్తోంది, అందులో మార్పేమీ లేదు. మీ ముబారక్ మామూకి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల సీజను, ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఆదివారం నీకు ఫోన్ దొరికే ఆ పది నిమిషాల్లో కూడా వాడికి ఫోన్ చేశావట, మంచి పని చేశావు. కానీ వాడు నీకు చెప్పకూడనిది చెప్పి నవ్వాడని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

"అమ్మీ, నువ్వు బండి నేర్చుకుంటున్నావట, నిజమేనా? స్కూటీ కాకుండా అబ్బా బండే ఎందుకు? దానిమీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వని మనిషి నీకెలా ఇచ్చారు? పడ్డావా?" అని వరసపెట్టి అడిగావు. అన్నిటికీ జవాబు రాస్తాను. నువ్వు అడిగిన వరసలో మాత్రం కాదు.

నిజమే తల్లీ. నేర్చుకుంటున్నాను. నేర్చేసుకున్నాను అని ఇంకా రాయలేను. కుడివైపు మలుపు తిరిగేటప్పుడు ఇప్పటికీ నోట్లో బిస్మిల్లా మొదలవుతుంది, మలుపు అయ్యాకగానీ పూర్తి కాదు. పడ్డాను కూడా. ఒకసారి కాదు. కుడికాలి పిక్క మీద సైలెన్సరు కాలిన మచ్చ ఉంది, నువ్వొచ్చాక చూపిస్తాను.

మొదట్లో నేర్పింది మీ మామూయే. మార్కెట్ సెలవు రోజున పొద్దున్నే గూడెం నుంచి వచ్చేవాడు. మన ఇంటి వెనక గ్రౌండుకి బండి తోసుకెళ్ళి, నన్ను ఎక్కించి, పక్కన నిలబడి పాఠం మొదలుపెట్టాడు. "ఇందులో ఏముంది ఆపా? క్లచ్ పట్టుకో, గేరు వెయ్యి, ఏక్సిలేటర్ ఇస్తూ క్లచ్ వదులు. అంతే" అన్నాడు. అంతే అనే మాట ఎంత పెద్దదో నాకు ఆ రోజు తెలిసింది.

నేను ధైర్యంగానే ఎక్కాను. ఇన్నేళ్ళుగా మిషన్ కుడుతున్నదాన్ని, చేతులది ఒక పనీ కాళ్ళది ఒక పనీ నాకు కొత్తేమిటి అనుకున్నాను. కానీ మిషన్ దగ్గర భయం వేస్తే కాళ్ళు ఆపేస్తే చాలు, అన్నీ ఆగిపోతాయి. బండి దగ్గర భయం వేసి చెయ్యి వదిలేస్తే అది కట్టు తెంచుకున్న దూడలా ఒక్క గెంతు గెంతి ఆగిపోతుంది. మళ్ళీ కిక్కు కొట్టు, మళ్ళీ గెంతు, మళ్ళీ ఆగడం. గ్రౌండులో క్రికెట్ ఆడుకునే పిల్లలు మేం రావడం చూడగానే వికెట్లు పీక్కుని అటు చివరకి వెళ్ళిపోయేవారు.

బురఖా కూడా ఒక సమస్య అయింది. మొదటి రోజు అంచు వెళ్ళి చైను దగ్గర చిక్కుకుంది. మీ మామూ కేకేసి తాళం తిప్పేశాడు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే కూర్చుని మోకాళ్ళ దాకా వచ్చేలా, రెండు పక్కలా చీలిక పెట్టి కొత్తది కుట్టుకున్నాను. లోపల చుడీదార్ ఉంటుంది, హెల్మెట్ కింద స్కార్ఫ్ ఉంటుంది. మీ ఫుప్పు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కుట్టు బాగానే ఉంది. బుద్ధే బాలేదు" అంది.

పెద్దగా పడింది కాలవ గట్టు మీద. రోడ్డు అలవాటవ్వాలని మీ మామూ వెనక కూర్చుని నన్ను అటు నడపమన్నాడు. ఎదురుగా గేదెలు వచ్చాయి. బ్రేకు వేద్దామనుకున్నాను. చెయ్యి మాత్రం ఏక్సిలేటర్ తిప్పేసింది. ఎందుకు తిప్పిందని నన్నడగొద్దు, దాన్నే అడగాలి. బండి గట్టు దిగి నేరుగా కాలవలోకి పరిగెత్తింది. మీ మామూ దూకేశాడు. నేనూ బండీ గుర్రపుడెక్కలో కూరుకుపోయాం. నీళ్ళు మోకాళ్ళ లోతే, కానీ నాచు కాళ్ళకి చుట్టుకుపోయింది. గేదెలవాడు వచ్చి ముందు బండిని లేపి, తర్వాత నన్ను లేపాడు.

మీ మామూ నీకు నవ్వుతూ చెప్పి ఉంటాడు. ఆ రోజు మాత్రం నవ్వలేదు. "ఆపా, నీవల్ల కాదు. నీకేమన్నా అయితే నేనేం సమాధానం చెప్పాలి? వదిలెయ్" అన్నాడు. ఆ తర్వాత వారం నుంచి రాలేదు.

సరదాకి నేర్చుకుంటూ ఉంటే నేనూ వదిలేసేదాన్నే.

ఇక్కడ దాకా రాసి కలం పక్కన పెట్టి లేచాను. టీ పెట్టుకుని తాగి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఫోన్లో చెప్పకుండా ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నది ఈ తర్వాత రాయబోయే మాట కోసమే. నువ్వు ఒక్కదానివీ కూర్చుని చదువు. పక్కన ఆ తమిళమ్మాయి ఉన్నా ఫరవాలేదు.

పైన అందరం కులాసా అని రాశాను. చేతికి అలవాటైపోయిన మాట అది. మీ అబ్బాకి కంటిచూపు తగ్గింది తల్లీ.

భయపడకు. మొత్తం పోలేదు. ఎదురుగా ఉన్నది కనపడుతుంది. రెండు పక్కలా కనపడదు. వెలుతురు తగ్గితే ఇంకా కష్టం. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడే పక్క నుంచి టీ గ్లాసు ఇస్తే ఉలిక్కిపడేవారు, గుర్తుందా? గుమ్మానికి భుజం కొట్టుకుంటే పరధ్యానం అని నవ్వేవాళ్ళం. అది పరధ్యానం కాదు. నీటికాసులు అంటారట, కంట్లో ప్రెషర్ పెరిగి నరాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుందట. నొప్పి ఉండదు కాబట్టి మనిషికి తెలియదు.

తెలిసింది ఎలాగంటే, నువ్వు ట్రైనింగ్‌కి వెళ్ళాక దసరా ముందు ఒక సాయంత్రం ఉంగుటూరు వైపు చెరువులో మోటారు బాగుచేసి తిరిగి వస్తున్నారు. వట్లూరు దాటాక ఎడమ పక్క సందులోంచి సైకిలు మీద వస్తున్న ఒక పెద్దాయన్ని గుద్దేశారు. ఆయన పేరు కనకరాజు. మోచెయ్యి దోక్కుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు, అల్లా కాపాడాడు. మీ అబ్బా ఆయన్ని దగ్గర్లో డాక్టరుకి చూపించి, ఇంటి దగ్గర దింపించి, అక్కడి నుంచి బండి ఎక్కలేదు. మన ఇంటిదాకా తోసుకుంటూ వచ్చారు. చొక్కా తడిసిపోయింది. "ఏవండీ, పెట్రోల్ అయిపోయిందా?" అని అడిగాను. "ఆయన నాకు కనపడలేదు రేహానా. అంత మనిషి, అంత సైకిలు, నాకు కనపడలేదు" అన్నారు.

ఏలూరులో చూపించాం, తర్వాత విజయవాడ వెళ్ళాం. పోయిన చూపు తిరిగి రాదన్నారు. ఉన్నది నిలబెట్టుకోవడానికి రోజూ పొద్దున సాయంత్రం చుక్కలు వెయ్యాలి, ఒక్క పూట కూడా మానకూడదు. వేస్తున్నాను. మొన్న చూపించినప్పుడు ప్రెషర్ అదుపులోకి వచ్చిందన్నారు. బండి మాత్రం నడపకూడదని గట్టిగా చెప్పారు.

నీకు చెప్పొద్దని మీ అబ్బా ఆ రోజే నా దగ్గర మాట తీసుకున్నారు. "తెలిస్తే ట్రైనింగ్ వదిలేసి వచ్చేస్తుంది. అయ్యాక చెబుదాం" అన్నారు. నేను సరేనన్నాను.

బండి లేకపోతే మీ అబ్బాకి పని లేదని నీకు తెలుసు. రొయ్యల చెరువులవాళ్ళు తెల్లారుజామునే ఫోన్ చేస్తారు. నీళ్ళు చిమ్మి గాలి కలిపే ఏరేటర్ తిరగడం ఆగిందంటే నీళ్ళలో గాలి తగ్గిపోతుంది, రొయ్య చచ్చిపోతుంది, గంటలో అంతా అయిపోతుంది. ఆ వేళకి ఆటోలు దొరకవు, దొరికినా గట్ల మీదకి రావు. ఫోన్ వచ్చినప్పుడల్లా "వేరే పని మీద ఉన్నానండి, ఇంకెవరినన్నా చూసుకోండి" అనేవారు. అలా అని ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చునేవారు. రోజూ పొద్దున్నే బండి తుడిచేవారు. తుడిచి, స్టార్ట్ చేసి, తల వంచి కాసేపు ఆ చప్పుడు విని, ఆపేసేవారు. వంటింట్లో నిలబడి నేనది ఎన్ని రోజులు వినగలను చెప్పు?

ఒకరోజు అడిగేశాను. "ఏవండీ, నేను నేర్చుకుని మిమ్మల్ని తీసుకెళ్తాను."

"నీ వెనక కూర్చుని చెరువుల మీదకి వెళ్ళనా?" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బావుండేది.

సాయంత్రం నేను కుడుతుంటే వచ్చి మిషన్ మీద తాళంచెవి పెట్టారు. "నేర్చుకో. నీకు పనికొస్తుంది. నేనైతే కూర్చోను" అని వెళ్ళిపోయారు. అబ్బా ఎలా ఇచ్చారని అడిగావు కదా, అలా ఇచ్చారు. స్కూటీ ఎందుకు కాదంటే, మీ అబ్బా పనిముట్ల పెట్టె ఆ బండి క్యారేజీకే సరిపోతుంది, ఆ గట్ల బురదలో ఆ బండే నిలబడుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. వేరే బండి కొంటే ఆయన బండి వరండాలో అలా నిలబడి ఉంటుంది, రోజూ చూస్తూ కూర్చుంటారు. అది నాకు ఇష్టం లేకపోయింది.

కాలవలో పడ్డాక మీ మామూ రావడం మానేశాడని చెప్పాను కదా. వాడు రాని ఆ వారమే నేను ఒక్కదాన్నే గ్రౌండుకి బండి తోసుకెళ్ళాను. స్టార్ట్ చెయ్యడం, ఆగిపోవడం. ఎండెక్కింది. ఏడుపొస్తోంది. అప్పుడు చూశాను, మన ఇంటి వెనక గోడ పట్టుకుని మెల్లగా మీ అబ్బా వస్తున్నారు. గోడ అయిపోయాక చెయ్యి వదిలి నేరుగా నా వైపు నడిచారు.

"ఇంట్లోంచి వింటున్నాను. నువ్వు క్లచ్ చేత్తో వదులుతున్నావు" అన్నారు.

"చేత్తో కాక దేంతో వదులుతారండీ?"

"చెవితో. మెల్లగా వదులుతూ విను. ఒకచోట ఇంజన్ గొంతు బరువవుతుంది. అక్కడ ఆగు. బండి కదిలాక మిగతాది వదులు."

విన్నాను. మొదటిసారి వినపడలేదు. రెండోసారి కూడా లేదు. తర్వాత వినపడింది తల్లీ, బరువైన కుండ ఎత్తేటప్పుడు మనిషి గొంతు మారినట్టు ఇంజన్ గొంతు మారింది. బండి గెంతలేదు. నిండు చూలాలిలా నెమ్మదిగా కదిలింది. గ్రౌండు అంతా ఒక చుట్టు తిరిగి వచ్చి ఆయన ముందు ఆపాను. కాలెత్తి వెనక ఎక్కి కూర్చున్నారు. "పద" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయనే నేర్పారు. రోడ్డు ఆయనకి కనపడకపోయినా బండి మొత్తం వినపడుతుంది. గేరు మార్చాల్సిన చోట "ఇప్పుడు" అనేవారు. నేను ఆలస్యం చేస్తే అరిచేవారు. నేనూ తిరిగి అరిచేదాన్ని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నడివీధిలో ఎప్పుడూ పోట్లాడుకోలేదు, ఆ లోటు గ్రౌండు మధ్యలో తీరిపోయింది. మొదట్లో వెనక క్యారేజీ కమ్మీ పట్టుకుని కూర్చునేవారు. చెయ్యి నా భుజం మీదకి ఏ రోజు వచ్చిందో నాకు తెలియదు. వచ్చాక మాత్రం తియ్యలేదు.

మీ ఫుప్పు డాబా మీంచి చూసి కిందికి దిగి వచ్చింది. అంత మోకాళ్ళ నొప్పితో! "ఆడది ముందు కూర్చుని నడపడమేంటి, నా తమ్ముడు వెనక కూర్చోవడమేంటి? వీధిలో తలెత్తుకోనిస్తారా?" అని గొడవ పెట్టుకుంది. కళ్ళ సంగతి అప్పటిదాకా ఆవిడకి కూడా చెప్పలేదు. మీ అబ్బా బండి దిగకుండానే, "అక్కా, ముందు కూర్చుంటే నేను ఎవరినో ఒకరిని గుద్దుతాను. వెనక కూర్చుంటే ఇంటికొస్తాను. ఏది కావాలో నువ్వే చెప్పు" అని మొత్తం చెప్పేశారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు నా దగ్గరకొచ్చి, "తమ్ముడు వెనకున్నాడని గుర్తుపెట్టుకుని మెల్లగా నడుపు" అంది. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్ఎల్ఆర్ వచ్చింది. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె మీద తిప్పేటప్పుడు కాలు కింద పెట్టేసి ఒకసారి తప్పాను. సంక్రాంతి తర్వాత మళ్ళీ పిలుస్తామన్నారు. ఈలోగా కిందటి గురువారం ఆ ఫోన్ వచ్చింది.

మీ అబ్బా తెల్లారుజామున ఫజర్ నమాజు చేసుకుని లేస్తున్నారు. ఫోన్ చేసింది ఉండి ఊరి అబ్బాయిరాజు గారు. మన వైపు కొల్లేటి లంకల్లో ఆయన లీజుకి తీసుకున్న చెరువులున్నాయి కదా, అక్కడి నుంచి. ఫోన్ దూరంగా ఉన్నా నాకు గొంతు వినపడింది. "జమీర్ గారూ, ప్యానెల్ బోర్డు కాలిపోయిందండి. ఏరేటర్లు మొత్తం ఆగిపోయాయి. జనరేటర్ కూడా దాని మీదేనండి. రొయ్య గాలాడక గట్టుకొచ్చేస్తోంది. ఆకివీడు మెకానిక్ ఫోన్ ఎత్తడం లేదండి. మీరెక్కడున్నా సరే, దణ్ణం పెడతాను, రండి."

మీ అబ్బా మామూలుగా చెప్పే జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. నా వైపు తిరిగారు. నేను అప్పటికే హెల్మెట్ తీసుకున్నాను. "వచ్చేస్తున్నామండి" అన్నారు ఫోన్లో. వస్తున్నాం అన్నారు, వస్తున్నాను అనలేదు.

కైకలూరు రోడ్డు ఎక్కేసరికి మంచు. లైటు వేస్తే మంచే కనపడుతుంది గానీ రోడ్డు కనపడదు. నా పళ్ళు కొట్టుకుంటున్నాయి, చలికి అని ఆయనకి చెప్పాను. ఆయన ఆ దారి ఎన్ని వేలసార్లు తిరిగారో, ఒళ్ళంతా గుర్తుంది. "వంతెన రాబోతోంది, గేరు దించు." "ఇక్కడ గొయ్యి ఉంటుంది, ఎడమకి జరుగు." నేను కనపడింది చెప్పడం, ఆయన ముందు రాబోయేది చెప్పడం, అలా వెళ్ళాం. రోడ్డు దిగి చెరువు గట్టెక్కాం. గట్టు వెడల్పు ఒక లారీ పట్టి రెండు మూరలు మిగిలేంత. రెండు పక్కలా నీళ్ళు.

సగం దూరంలో ఎదురుగా మేత లారీ వచ్చింది.

నాకు కాలవ గుర్తొచ్చింది. చేతులు బిగుసుకుపోయాయి. బండి ఆగిపోయింది. లారీవాడు హారన్ కొడుతున్నాడు, వెనక్కి వెళ్ళమంటున్నాడు. అంత లావు బండిని ఆ గట్టు మీద నేను వెనక్కి ఎలా తీస్తాను? "ఏవండీ, మీరు దిగిపోండి. నడిచి రండి. పడితే నేనొక్కదాన్నే పడతాను" అన్నాను.

"నేను దిగను" అన్నారు.

"దిగండి, మీకు పుణ్యముంటుంది!"

"దిగను రేహానా. నీ కాళ్ళతో పాటు నా కాళ్ళు కూడా కింద పెడతాను. ఎడమ పక్కకి ఎంత చోటుందో చూసి చెప్పు, ఇద్దరం కలిసి జరుపుదాం."

జానెడు, జానెడున్నర ఉందని చెప్పాను. నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టి, చిన్నపిల్లలు ఆడుకున్నట్టు, కొంచెం కొంచెంగా బండిని అంచుకి జరిపాం. గడ్డి జారుతోంది. ఆయన ఒక చేత్తో నా భుజం గట్టిగా పట్టుకున్నారు. లారీ మా మోకాళ్ళని ఒరుసుకున్నట్టే వెళ్ళింది. వెళ్ళాక "స్టార్ట్ చెయ్యి" అన్నారు. విన్నాను. గొంతు బరువయ్యింది. అక్కడ ఆపి, వదిలాను. బండి కదిలింది.

చెరువు దగ్గర అబ్బాయిరాజు గారు లుంగీ ఎగ్గట్టుకుని నీళ్ళలో నిలబడి ఉన్నారు. గట్టు పొడుగునా రొయ్యలు అంచుకొచ్చి ఎగురుతున్నాయి. షెడ్డులో వెలుతురు లేదు. కరెంటు కట్టేయించి మీ అబ్బా ప్యానెల్ ముందు కూర్చున్నారు. నేను సెల్‌ఫోన్ లైటు పట్టుకున్నాను. ఆ వెలుతురులో ఆయనకి వైర్ల రంగులు తెలియడం లేదు. వేళ్ళతో ఒక్కొక్కటీ పట్టుకుని "ఇది?" అన్నారు. "ఎరుపు." "ఇది?" "నీలం." "సరిగ్గా చూడు, రంగు మారితే చక్రాలు వెనక్కి తిరుగుతాయి." "నీలమేనండి. అది పసుపు." కాలిపోయిన ముక్క కోసి, కొత్త వైరు వేసి, బిగించారు. ఆ వేళ్ళు పని చేస్తుంటే చూసి ఎన్ని నెలలైందో. కరెంటు వేశారు. ఒక్కొక్క ఏరేటరూ దగ్గి, నీళ్ళు చిమ్మి, తిరగడం మొదలుపెట్టింది. కాస్సేపటికి రొయ్య లోపలికి దిగింది. కొంత పోయింది, మిగతాది బతికింది.

అబ్బాయిరాజు గారు మొహం తుడుచుకుంటూ వచ్చి అప్పుడు నన్ను చూశారు, హెల్మెట్‌ని చూశారు. "అమ్మగారే నడుపుకొచ్చారా ఏంటండీ?" అన్నారు.

మీ అబ్బా ఏదో ఒకటి కల్పించి చెబుతారనుకున్నాను. చెయ్యి నొప్పి అనో, నిద్ర చాలలేదనో. ఆయన పనిముట్లు పెట్టెలో సర్దుకుంటూ, "అవునండి. నాకు చూపు తగ్గిందండి రాజుగారూ. బండి నడపకూడదన్నారు. ఇక మీదట ఎక్కడికి పిలిచినా ఇద్దరం వస్తాం. ఇష్టమైతేనే పిలవండి" అన్నారు.

రాజుగారు "ఈ సంగతి నాకు ముందే చెప్పుంటే నేనే కారు పంపేవాణ్ణి కదండీ. ఇన్నాళ్ళూ పిలిస్తే రావడం లేదని, నామీద ఏదో మనసులో పెట్టుకున్నారనుకున్నాను" అన్నారు. మా ఇద్దరికీ ఆయనే టీ పోసి ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు మంచు విడిపోయింది. కొల్లేటి నీళ్ళ మీద గూడబాతులు వరసగా కూర్చుని ఉన్నాయి. ఎదురుగా ఉన్నవి కాబట్టి మీ అబ్బాకి కూడా కనపడ్డాయి. బండి పక్కకి ఆపమన్నారు. అవి చూస్తూ చూస్తూ, "ముస్కాన్‌కి రాయి" అన్నారు. "ఎవరికో చెప్పగలిగాను, దానికి చెప్పకపోవడమేంటి? ఫోన్లో మాత్రం వద్దు. ఫోన్లో అది ఏడిస్తే నాకు వినపడుతుంది."

అందుకే ఈ ఉత్తరం. అందుకొక్కదానికే కాదు. ఇది జాగ్రత్తగా చదువు. ఈ జబ్బు తండ్రికి ఉంటే పిల్లలకి కూడా రావచ్చని డాక్టరు చెప్పారు. వస్తుందని కాదు, రావచ్చని. ముందే తెలిస్తే చుక్కలతోనే ఆపేయవచ్చట. నిన్ను ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు దూరం అక్షరాలే చదివించారు, కంట్లో ప్రెషర్ చూసే పరీక్ష వేరే ఉందట. మీ ట్రైనింగ్ డాక్టరు దగ్గరికి వెళ్ళి, మా నాన్నకి నీటికాసులు అని చెప్పి, ఆ పరీక్ష చేయించుకో. సిగ్గుపడకు, వాయిదా వెయ్యకు. ఏం చెప్పారో ఉన్నదున్నట్టు రాయి. మేం నీ దగ్గర దాచినట్టు నువ్వు మా దగ్గర దాచకు.

ట్రైనింగ్ వదిలి వస్తానని మాత్రం అనకు. ఇక్కడ నువ్వు వచ్చి చెయ్యాల్సిన పని ఏమీ లేదు. చుక్కలు నేను వేస్తున్నాను, బండి నేను నడుపుతున్నాను. నిన్న ఇంకో రెండు చెరువుల నుంచి ఫోన్లు వచ్చాయి. రాజుగారు అందరికీ చెప్పినట్టున్నారు. మీ మామూ ఈ కథంతా విని, వచ్చే వారం వచ్చి నా వెనక కూర్చుంటానన్నాడు. నేనే ఇంకా ఒప్పుకోలేదు.

ఇంకొక్క సంగతి. మార్చిలో మీ పెరేడ్‌కి తల్లిదండ్రుల్ని పిలుస్తారట కదా. ఇద్దరం వస్తాం. రైల్లోనే, కంగారు పడకు! నువ్వు ఏ వరసలో, ఎటు నుంచి ఎన్నో మనిషివో ముందే రాసి పంపు. అందరూ ఒకే బట్టల్లో, ఒకే ఎత్తులో నడుస్తుంటే వెతికి పట్టుకోవడం మీ అబ్బాకి కష్టం. నువ్వు వచ్చే వైపుకి నేను ఆయన భుజాలు పట్టుకుని తిప్పుతానని చెప్పాను. దానికి ఏమన్నారో తెలుసా? "నువ్వు నన్ను అటు తిప్పు చాలు. ఎదురుగా వస్తే నా కూతుర్ని నేను చూసుకోగలను."

ఇట్లు,
నిన్ను చూడాలని ఉన్న మీ అమ్మీ,
రేహానా